రెండువందల పదో పేజీలో పాము

నన్ను నిండు సభలో నిలబెట్టి కడిగేసిన సంగతొకటి ఉంది. ఆత్మకూరు లైబ్రరీలో, ఎనభై మంది ఎదుట, మైకు పెట్టి మరీ కడిగారు. కడిగినవాళ్ళలో ఒకరు చూపు మందగించిన మాస్టారు, ఒకరు నవలలు రాసే ఆవిడ, ఇంకొకరు దర్గా దగ్గర అగరొత్తులు అమ్ముకునే ఆయన. వాళ్ళంతా పుస్తకాలు చదివేవాళ్ళు. నేనొక్కణ్ణే చదవకుండా చదివేవాణ్ణి. అదెట్లాగో చెబుతాను. ఆ రోజు తలుచుకుంటే నా అరచేతులు ఇప్పటికీ చెమరుస్తాయి కాబట్టి, మీరు నవ్వితే నవ్వండి గాని కాస్త జాలితో నవ్వండి.

డెబ్బైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులు. నాకు ఇరవై మూడేళ్ళు. బి.ఎ. పాసై ఉదయగిరిలో మా ఇంటి అరుగు మీద పని చేస్తున్నాను. అరుగు మీద కూర్చోవడమే ఆ పని. మా వీధి చివర మస్తాన్ మాస్టారి ఇల్లు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నాకూ ఆయనే చెప్పారు. రెండు కళ్ళలోనూ పొరలు వచ్చాయి. అవి ముదిరేదాకా ఆపరేషన్ చేయలేమని నెల్లూరు డాక్టరు పంపించేశాడు. పుస్తకం లేనిదే పొద్దు పోని మనిషికి అక్షరాలన్నీ చీమల బారులయ్యాయి.

అదే సమయంలో ఆత్మకూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో గుమాస్తా పని ఖాళీ పడబోతోందని మా నాయన చెవిన పడింది. ఆ స్కూలు కరస్పాండెంటు మాస్టారి పాత శిష్యుడు. మా నాయన లెక్క చాలా సులువైనది.

“పోయి సార్‌కి సాయంత్రంపూట పుస్తకాలు చదివిపెట్టు. ఆయన ఒక్క ముక్క రాసిస్తే ఆ పని నీదే,” అన్నాడు.

ఆ పుస్తకాలు కూడా ఆత్మకూరు నుంచే వచ్చేవి. అక్కడి లైబ్రేరియనూ మాస్టారి శిష్యుడే. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. నేను నాలుగు గంటలకు వెళ్ళేవాణ్ణి. మాస్టారు మంచం మీద గోడకానుకుని కళ్ళు మూసుకునేవారు. ఆయన భార్య జైనాబీ అమ్మ గుమ్మం దగ్గర బియ్యం ఏరుకుంటూ వినేది. మొదటి రెండు నెలలు నేను కామా కూడా వదలకుండా చదివాను. దేవుడు పైనుంచి చూస్తూ ఉంటే ఆ రెండు నెలల్నీ నా ఖాతాలో వేసే ఉంటాడు.

తరవాత మా ఊళ్ళో డేరా సినిమా వెలిసింది.

మంగళవారం, శుక్రవారం ఆట మారేది. మైకులో దేవుడి పాట వేశారంటే ఇంకో పావుగంటలో ఫస్ట్ షో మొదలు. ఆ పాట మాస్టారి వరండాలోకి శుభ్రంగా వినపడేది. అది మొదలవగానే నా ప్రాణం డేరాలోకి వెళ్ళిపోయేది, గొంతొక్కటే పుస్తకం దగ్గర మిగిలేది.

మొట్టమొదట నా చేతికి బలైంది ఒక డిటెక్టివ్ నవల. పేరు చెప్పను. ఆ రాసినాయనకు నా వల్ల జరిగిన నష్టం చాలు. ఎస్టేటు యజమానిని ఎవరు చంపారో తేలడానికి ఇంకా డెబ్బై పేజీలున్నాయి. దేవుడి పాట మొదలైంది. నేను పేజీలన్నీ ఒక్కసారిగా తిప్పి, ఆ చప్పుడు వినపడకుండా గట్టిగా దగ్గి, “అంతట వంటవాడు నేరం ఒప్పుకొనెను. పోలీసులు తీసుకొనిపోయిరి. సమాప్తం,” అన్నాను.

మాస్టారు కళ్ళు తెరిచారు. “వంటవాడా? వాడు ఆ పొద్దు ఊళ్ళోనే లేడు గదరా.”

“తిరిగొచ్చినాడు సార్,” అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఒకసారి తొక్కితే అది అడుసు, రెండోసారి తొక్కితే అదే దారి. తరవాతి నెలలో ఒక ప్రేమకథ వచ్చింది. అందులో ఇద్దరూ మూడువందల పేజీలు ఏడవాలి. నేను నూట ఇరవయ్యో పేజీలోనే వాళ్ళకు పెళ్ళి చేసి, పిల్లల్ని కూడా ఇచ్చి, లేచి వెళ్ళిపోయాను. దగ్గు మాత్రం ఎక్కువైంది. పాపం, జైనాబీ అమ్మ నా దగ్గు నిజమనుకుని ప్రతి మంగళవారం, శుక్రవారం శొంఠి కషాయం కాచి ఇచ్చేది. లోటా నిండా. నా అబద్ధాలన్నిటికీ నేను అప్పటికప్పుడే తాగి శిక్ష అనుభవిస్తున్నానని మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ణి.

అసలు నేరం చేసింది మూడో పుస్తకంలో. నెల్లూరులో ఉండే ఒక రచయిత్రి రాసిన నవల. చెంగయ్య అనే ముసలాయన మెట్టచేలో బావి తవ్వుతాడు. కొడుకులు వద్దంటారు, ఊరు నవ్వుతుంది, ఆయన మాత్రం తవ్వుతూనే ఉంటాడు. మాస్టారికి ఈ చెంగయ్య తెగ నచ్చాడు. “మా నాయన కూడా ఇట్టాంటోడేరా. గడ్డపార తప్ప ఇంకోటి తెలీదు,” అని, నేను వెళ్ళగానే “చెంగయ్య ఎన్ని మట్ల లోతు దిగినాడురా?” అని అడిగేవారు. పుస్తకం మూడువందల నలభై పేజీలు. రెండువందల పదో పేజీలో ఉండగా డేరాలో పాట మొదలైంది. ఆ రోజు కొత్త ఆట. నా నోరు ఆగలేదు. “అంతలో బావిలో ఒక పాము బుస్సుమని లేచి చెంగయ్యను కాటు వేసెను. ఆయన అక్కడే ప్రాణము విడిచెను. సమాప్తం.”

జైనాబీ అమ్మ చేటలో చెయ్యి ఆపేసింది. నేను చెప్పులేసుకుని డేరాకు పరుగెత్తాను. ఆ సినిమాలో ఏం జరిగిందో నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

మర్నాడు వెళ్తే జైనాబీ అమ్మ గుమ్మంలోనే గొంతు తగ్గించి, “రాత్రి అన్నం తిన్లేదయ్యా మీ సారు. ఆ ముసిలాయన పోయినాడని,” అంది.

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ గుమాస్తా పని గుర్తొచ్చి, వచ్చిన నిజాన్ని వెనక్కి మింగేశాను. అది శొంఠి కషాయం కంటే ఘాటుగా ఉంది.

నవంబరు వచ్చింది. గ్రంథాలయ వారోత్సవాలు. ఆత్మకూరు నుంచి ఆహ్వానపత్రం వచ్చింది. మాస్టారికి చదివి వినిపించవలసినవాణ్ణి నేనే కదా. చదవడం మొదలుపెట్టాను. మస్తాన్ మాస్టారు “ఈ ఏడాది నాకు నచ్చిన పుస్తకాలు” అనే విషయం మీద ప్రసంగిస్తారట. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అధ్యక్షులు, ఆ హైస్కూలు కరస్పాండెంటు. కాళ్ళు కూడా చల్లబడ్డాయి. ముఖ్య అతిథి పేరు చూశాక మాత్రం నాకు ఏ అవయవమూ మిగల్లేదు. చెంగయ్యను రాసిన ఆవిడ.

“ముఖ్య అతిథి ఎవురంటరా?”

“ఎవరో... నెల్లూరు పెద్దమనిషి అని మాత్రం ఉండాది సార్.”

చూశారా, అప్పుడు కూడా వదిలేశాను. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడంటారు. నేను బండరాయి పట్టుకున్నాను.

“నువ్వు నాతోపాటు రా. సభ అయినాక నిన్ను కరస్పాండెంటుకి అప్పజెప్పేస్తా,” అన్నారు మాస్టారు సంతోషంగా. ప్రసంగానికి కాగితం మీద ఏమైనా రాసి పెట్టమంటారా అని అడిగాను, కనీసం ఏం మాట్లాడతారో తెలుస్తుందని. అంతా తలకాయలోనే ఉందన్నారు.

అంతా తలకాయలోనే ఉంది. అదే కదా నా భయం.

సభకు నాలుగు రోజుల ముందు, ఇంట్లో ఇంటర్వ్యూ అని చెప్పి ఆత్మకూరు బస్సెక్కాను. నా ఉపాయం ఏమిటంటే, ఆ మూడు పుస్తకాలూ లైబ్రరీలోంచి తెచ్చేసుకుంటే ఎవరూ తిరగేసి చూడలేరు. దొంగలందరికీ ఒక్కటే తెలివి ఉంటుంది కాబోలు. లైబ్రేరియన్ రెండు పుస్తకాలు తీసిచ్చాడు. మూడోది అనుమసముద్రంపేటలో గౌస్ అనే ఆయన తీసుకెళ్ళాడన్నాడు. అక్కణ్ణుంచి పేటకు ఇంకో బస్సు.

దర్గాకు వెళ్ళే వీధిలో గౌస్‌ది చిన్న కొట్టు. పూలు, అగరొత్తులు, అత్తరు. గౌస్‌కి నలభై ఏళ్ళుంటాయి. ఒక చేత్తో గిరాకీ చూసుకుంటూ రెండో చేత్తో పుస్తకం పట్టుకుని చదువుతున్నాడు. అదే పుస్తకం. నేను మాస్టారి పేరు చెప్పి పుస్తకం కావాలన్నాను.

“మాస్టారు దీని మీద మాట్లాడతారని లైబ్రరీలో చెప్పబట్టే గదా తీసుకుండేది. చదవకుండా పోయి కూర్చుంటే మర్యాదగా ఉండదు తమ్ముడూ. ఇంకా నూరు పేజీలుండాయి. అయినాక సభకే తెస్తాలే,” అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. “అందులో ఇంకేం లేదన్నా. ముసలాయన చచ్చిపోతాడు. అంతే,” అన్నాను.

గౌస్ పుస్తకంలోంచి తలెత్తి నన్ను చూశాడు. తరవాత చదువుతున్న పేజీ చూసుకున్నాడు.

“ఇంత గట్టోడు ఎట్టా చస్తాడు? అయితే చదివి తీరాల్సిందే,” అన్నాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకపోవడం వల్లనే పోయింది. ఆ మిగిలిన నాలుగు రోజుల్లో నేను నిద్రలో ఎన్నిసార్లు ఆ వేదిక మెట్లెక్కానో లెక్క లేదు. ఒక రాత్రయితే పామే మైకు ముందు నిలబడి, తనకేమీ తెలియదని సాక్ష్యం చెప్పింది.

సభ రోజు మాస్టారు ఇస్త్రీ చేసిన లాల్చీ వేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి బస్సు దిగారు. హాలు నిండిపోయింది. స్కూలు పిల్లలు, ఆఫీసులవాళ్ళు, రైతులు. రెండో వరసలో గౌస్, ఒళ్ళో పుస్తకం. నేను మాస్టారిని వేదిక మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాను. పారిపోవడానికి వీలుగా ఉంటుందని. ముఖ్య అతిథి రాలేదు. నెల్లూరు బస్సు ఆలస్యమట. నా జన్మలో ఆర్టీసీని నేను దీవించింది అదొక్కసారే. ఆవిడ వచ్చేలోగా మాస్టారితో మొదలుపెడదామన్నారు అధ్యక్షులు.

మాస్టారు లేచి మైకు పట్టుకున్నారు. ఈ ఏడాది తాను విన్న పుస్తకాల్లో మూడు తనను పట్టుకుని వదల్లేదన్నారు. ఒక్కొక్క కథా చెప్పుకుంటూ పోయారు. ఎంత బాగా చెప్పారంటే, వెనక బెంచీల పిల్లలు కూడా గుసగుసలు ఆపేశారు. నేను చదివినవేనా అవి అనిపించింది. అట్లా చెంగయ్య దగ్గరికి వచ్చేసరికి, నా పక్కనుంచి ఒకావిడ చేతిసంచీ పట్టుకుని గబగబా లోపలికి వెళ్ళింది. లైబ్రేరియన్ చేతులు జోడిస్తూ ఎదురెళ్ళాడు. పెద్దాయన మాటకు అడ్డు రాకూడదని ఆవిడే వేలితో సైగ చేసి, చప్పుడు లేకుండా మాస్టారి పక్క కుర్చీలో కూర్చుంది. మాస్టారికి ఆ సంగతి తెలియదు.

“అయితే ఒకటి చెప్పాల,” అన్నారు మాస్టారు. ఆయన గొంతు మారింది. బళ్ళో బెత్తం తీసే ముందు ఉండే గొంతు అది. “ఈ కాలం రచయితలకి కడదాకా ఓపిక లేదు. బంగారం మాదిరి నడుపుకుంటా వస్తారు, కడాన బస్సు పోతా ఉండాదన్నట్టు ముగించేస్తారు. ఒకాయన వంటవాణ్ణి పట్టిచ్చినాడు. ఇంకొకాయన తాళి కట్టించి పంపించేసినాడు. ఈ చెంగయ్యను రాసినామె అయితే మరీ అన్యాయం. అంత మనిషిని పెంచి పెద్ద చేసి, ఒక పామును తెచ్చి చంపేసింది. ఆ పాము యాడ నుంచి వచ్చింది? దానికి ముందు ఒక్క పేజీలో అయినా కనపడిందా? ఇది సోమరితనం గాక ఇంకేంది?”

నేను తలుపు పట్టుకున్నాను. తలుపు కూడా నాతోపాటు వణికింది.

ఆవిడ లేచి నిలబడింది. “మాస్టారూ, నమస్కారమండి. ఆ నవల రాసింది నేనే. కానీ నా పుస్తకంలో పాము లేదండి,” అంది మెల్లగా.

మాస్టారు గొంతు వచ్చిన వైపు తిరిగారు. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. “పాము లేదా?”

“లేదండి. చెంగయ్య చావడు.”

రెండో వరసలో గౌస్ లేచాడు. “అవును సార్. నేను నిన్ననే ముగించినా. పుస్తకం ఈడే ఉండాది,” అన్నాడు. చదవమన్నారు మాస్టారు. గౌస్ గొంతు సవరించుకుని చివరి పేజీ చదివాడు. బావిలో జల పడుతుంది. చెంగయ్య మోకాళ్ళ లోతు బురదనీళ్ళలో నిలబడి, పైన నిలబడ్డ కొడుకులకు వినపడేట్టు ఒక్క కేక వేస్తాడు. తరవాత దోసిలి పట్టి ముందు తాను తాగడు. గడ్డపారను కడుగుతాడు. అంతే. గౌస్ పుస్తకం మూసేశాడు. మాస్టారి ముఖం చూడలేక నేను నా చెప్పులు చూసుకున్నాను.

“అమ్మా, నన్ను క్షమించాల,” అన్నారాయన. “నేను చదవలేదు. విన్నాను. చదివినోడు ఈ హాల్లోనే ఉండాడు. ఒరే పెంచలా, పైకి రా.”

పారిపోవచ్చు. తలుపు నా చేతిలోనే ఉంది. కానీ ఆ ముసలాయన్ని ఇంటికి తీసుకెళ్ళాల్సిందీ నేనే కదా. వేదిక మీదికి పదడుగులు. బావిలోకి మట్టు మట్టూ దిగుతున్నట్టు నడిచాను. మూడు పుస్తకాల సంగతీ మైకులోనే చెప్పేశాను. రచయిత్రి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “ఎందుకు చంపావు బాబూ?” అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“ఫస్ట్ షోకి టైమైందండి,” అన్నాను.

హాలు కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. కరస్పాండెంటు నవ్వలేదు. మాస్టారి వైపు వంగి, “మీరు చెప్పిన గుమాస్తా వీడేనా సార్? మా రిజిస్టర్లో పిల్లోళ్ళని కూడా ఇట్నే తీసేస్తాడేమో,” అన్నాడు. అది కూడా మైకులో వినపడింది.

తిరుగు బస్సులో మాస్టారు ఒక్క మాటే అన్నారు. “మూడూ మొదట్నించి చదవాల. గౌస్‌ని రమ్మన్నాను.”

గౌస్ ఆరు ఆదివారాలు వచ్చాడు. నేను చదువుతుంటే పక్కన కూర్చుని వరస వరసకూ వేలు పెట్టి చూసేవాడు. చెంగయ్య కథ ముగిసిన రోజు మాస్టారు, “ఏమైనా వదిలినాడా?” అని అడిగారు.

“లేదు సార్. ఒక పేజీ రెండుసార్లు చదివినాడు. బాగుండాదని ఊరుకున్నా,” అన్నాడు గౌస్.

రెండుసార్లు చదివానని నాకే తెలియదు. ఆ పుస్తకాన్ని నేను నిజంగా చదవడం కూడా అదే మొదటిసారి. ఆ ఏడాది నాకు నచ్చిన పుస్తకం ఏదని ఎవరైనా అడిగితే చెప్పగలిగింది అదొక్కటే.

గౌస్ వెళ్ళాక మాస్టారు కాగితం, కలం తెచ్చుకోమన్నారు. కరస్పాండెంటుకు ఉత్తరం. ఆయన చెబుతుంటే నేను రాయాలి. “ఈ ఉత్తరము తెచ్చినవాడు పెంచలయ్య. బి.ఎ. చదివినాడు. దస్తూరి గుండ్రముగా నుండును. సోమరి.”

నా కలం ఆగింది.

“రాసినావా? ర కి గుడి,” అన్నారు మాస్టారు.

రాశాను. “పని తొందరగా ముగించవలెనని అబద్ధమాడును. సినిమా పిచ్చి గలదు. పట్టుబడినప్పుడు బుకాయించలేదు. ఇంతకు మించి నాకు తెలియదు. నీ ఇష్టము.” చేత్తో తడుముకుని కింద సంతకం గీశారు. జైనాబీ అమ్మకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ కాగితం మీద ఏముందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆత్మకూరు బస్సులో ఆ ఉత్తరం నా జేబులో నిప్పులా ఉంది. సోమరి అన్న చోట ఒక్క గీత పెడితే చాలు. అబద్ధం అన్న వాక్యం మీద కాస్త సిరా ఒలికితే చాలు. ఊరు ఊరుకూ కలం తీశాను, ఊరు ఊరుకూ జేబులో పెట్టాను. బస్సు దిగేసరికి చొక్కా తడిసిపోయింది. ఉత్తరం మాత్రం రాసింది రాసినట్టే ఉంది.

కరస్పాండెంటు దాన్ని రెండుసార్లు చదివాడు. “ఇది ఎవురు రాసినారు?”

“నేనే సార్. మాస్టారు చెబితే.”

“ఒక్క మాట కూడా వదల్లేదా?”

“వదల్లేదు సార్.”

ఆయన ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాడు. “నీ మీద నువ్వే ఇట్టా రాసుకున్నోడివి, రిజిస్టర్లో తప్పు రాయవులే. సోమవారం రా. మరి సినిమాలు?”

“ఈరోజుతో మానేస్తాను సార్,” అన్నాను ఉప్పొంగిపోయి.

“మళ్ళీ మొదలుపెట్టినావా?” అన్నాడాయన.

కాబట్టి సమస్త చదువరుల సాక్షిగా, ఇదే నా ప్రతిజ్ఞ. ఆయుష్షున్న ఏ ప్రాణినీ ఏ పుస్తకంలోనూ నా చేత్తో చంపను. తాళి కట్టించను. నేరం అంటగట్టను. అట్ట నుంచి అట్ట దాకా, వెల, ముద్రాపకుల చిరునామా, అచ్చుతప్పుల పట్టిక సహా, బిగ్గరగా చదువుతాను. ఈ నియమం ఎంత కఠినంగా పాటిస్తున్నానంటే, మా ఇంటికి పెళ్ళి శుభలేఖ వస్తే, చదివిపెట్టమని ఇప్పుడు నాకెవరూ ఇవ్వడం లేదు.